ఖాళీ గదులకు కట్టిన వాయిదాలు

విశాఖ లాసన్స్ బే కాలనీలో మా మామగారి పాత ఇంటిస్థలాన్ని బిల్డరుకు డెవలప్‌మెంటుకు ఇస్తే మా వాటాకు ఒక ఫ్లాటు వచ్చింది. దాని పక్క ఫ్లాటు బ్యాంకులో 40 లక్షలు అప్పు తీసుకుని కొన్నాం. మావారికి అప్పటికే 48 ఏళ్లు. అరవై నిండేలోపు తీరిపోవాలని బ్యాంకు పన్నెండేళ్ల గడువే ఇచ్చింది. వాయిదా నెలకు 44 వేల చిల్లర. ఆయనది పెన్షన్ లేని ప్రైవేటు ఉద్యోగం. రెండు ఫ్లాట్లూ ఊరు చూడవచ్చేవాళ్లకు రోజువారీ అద్దెకిస్తే వాయిదా పోను ఎంతో కొంత మిగులుతుందని లెక్క వేసుకున్నాం. మంచాలకు, ఏసీలకు, వంటసామానుకు నేను చీటీ పాడి డబ్బు ఎత్తాను.

2019 దసరాకు మొదలుపెట్టాం. లెక్క తప్పలేదు. పూజా సెలవులకు బెంగాలీ కుటుంబాలు విశాఖ రావడం ఎన్నో ఏళ్లుగా ఉన్నదే. తాతమ్మలు, పిల్లలతో వచ్చి నాలుగైదు రాత్రులు ఉండేవాళ్లు. పొద్దున్నే పెదజాలారిపేట వెళ్లి చేపలు తెచ్చుకునేవాళ్లు. ఆవనూనె వాళ్లే తెచ్చుకునేవాళ్లు. ఒకరోజు సబ్‌మెరైనూ సింహాచలమూ, ఒకరోజు బొర్రా, అరకు. రాత్రికి మళ్లీ మా ఫ్లాటుకే. వాళ్లకు కావలసింది వంటిల్లు, రెండు గదులు, లిఫ్టు. అవి మా దగ్గర ఉన్నాయి. సంక్రాంతి దాకా ఒక్క వాయిదాకు కూడా మావారి జీతం ముట్టలేదు.

2020 మార్చి రెండో వారం నుంచి ఫోన్లు మొదలయ్యాయి. కరోనా భయంతో అన్నీ రద్దులే. 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి లాక్‌డౌన్. బుకింగులు ఇప్పించే కంపెనీ అతిథుల డబ్బు వాళ్లకు పూర్తిగా తిరిగి ఇచ్చేసింది. వేసవి సెలవులకు నిండి ఉన్న క్యాలెండరు వారంలో తెల్లగా అయిపోయింది. మావారికి సగం జీతమే వస్తుందని ఏప్రిల్‌లో చెప్పారు. నాకు నిద్ర దూరమైంది. తెల్లవారుజామున లేచి, ఖాళీ ఫ్లాటు తాళం తీసి, అన్ని గదుల్లో లైట్లు వేసి చూసి, ఆర్పి వచ్చేదాన్ని. ఎందుకు వెళ్లేదాన్నో అడిగితే అప్పుడూ చెప్పలేకపోయాను.

మే 7 తెల్లవారకముందే విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో విషవాయువు లీకై 12 మంది చనిపోయారు. ఊరంతా వణికిపోయింది. ఆ రోజు మధ్యాహ్నం నాకు వచ్చిన ఆలోచన, ఇక ఈ ఊరికి ఎవరొస్తారని. జనం ఆసుపత్రుల్లో ఉండగా నేను బుకింగుల గురించి ఆలోచించాను. ఆ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు.

రిజర్వు బ్యాంకు ఆగస్టు 31 దాకా మారటోరియం ఇచ్చింది. మేం తీసుకున్నాం. వాయిదా ఆగుతుంది కానీ వడ్డీ ఆగదు. అది అసలులో కలిసింది. సెప్టెంబరులో మళ్లీ కట్టడం మొదలయ్యేసరికి అప్పు తగ్గకపోగా పెరిగి ఉంది. అప్పుడే బంగారం మీద విలువలో 90 శాతం దాకా అప్పు ఇవ్వడానికి బ్యాంకులకు అనుమతి వచ్చింది. అమ్మ పెట్టిన హారం, గాజులు కుదువ పెట్టాను. ఆ శీతాకాలంలో మా ఆడపడుచు కూతురి పెళ్లికి రోల్డ్‌గోల్డ్ వేసుకుని వెళ్లాను. తలంబ్రాల దగ్గర ఫొటోకి పిలిస్తే వెనక వరసలో నిలబడ్డాను.

2021లో కరోనా రెండో వేవ్ వచ్చింది. ఆ ఏడాది గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. కట్టాం, అంతే.

2022లో జనం తిరగడం మొదలుపెట్టారు. గండం గడిచిందనుకున్నాం. నిజంగా భయపడింది ఆ తర్వాతే. కరోనా భయం అందరిదీ. ఈ భయం మా ఒక్కరిది. ఊరికి మనుషులు వస్తున్నారు, బీచి రోడ్డు నిండుతోంది, మా ఫ్లాట్లు మాత్రం వారంలో నాలుగు రోజులు ఖాళీ.

వచ్చేవాళ్లు మారారు. ఎక్కువమంది హైదరాబాదు, విజయవాడల నుంచి కార్లలో వచ్చే పిల్లలు. శుక్రవారం రాత్రి బయల్దేరడం, శనివారం ఒక్క రాత్రి ఉండటం. ఆ రాత్రయినా ఒంటిగంటకు లేచి పాడేరు దగ్గర వంజంగి కొండ మీద మబ్బులు చూడటానికి వెళ్లిపోతారు. కొందరు అసలు విశాఖలో ఆగకుండా లంబసింగిలోనే గుడారాల్లో పడుకుంటున్నారు. ఫోన్ చేసి వంటిల్లు ఉందా అని అడిగేవాళ్లు లేరు. బాల్కనీలోంచి సముద్రం కనిపిస్తుందా, ఈతకొలను ఉందా, ఫొటోలు బాగా వచ్చే చోటుందా అని అడుగుతారు. మా బాల్కనీలోంచి ఎదురు అపార్టుమెంటు కనిపిస్తుంది. ఆ పిల్లల మీద నాకు కోపం లేదు. వాళ్లకున్నవి రెండు రోజులు, వాటిలో కావలసింది కొండా సముద్రమూ. మా దగ్గరున్నది ఇల్లు.

ఒక్క రాత్రి అద్దెల్లో ఏమీ మిగలదు. నాలుగు రాత్రులకు ఒకసారి ఉతికే దుప్పట్లు రోజూ ఉతకాలి. శుభ్రం చేసే మనిషికి రోజూ కూలి ఇవ్వాలి. ఎవరో తక్కువ రేటింగ్ ఇస్తే మర్నాటి నుంచి మా ఫ్లాటు జాబితాలో కిందికి పోతుంది. అర్ధరాత్రి పాటలు పెట్టారని అసోసియేషన్ వాళ్లు మమ్మల్ని మీటింగుకు పిలిచారు. మా మామగారు కట్టిన ఇంటి స్థలంలో, ఆయన పేరు తెలిసినవాళ్ల ముందు, మావారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఇంటికొచ్చి అన్నం తినలేదు.

2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో రేటు 4 నుంచి 6.5 శాతానికి పెరిగింది. మా వడ్డీ కూడా పెరిగింది. మామూలుగా ఇలాంటప్పుడు బ్యాంకు గడువు పొడిగిస్తుంది. మావారి వయసు వల్ల మాకు పొడిగించలేదు, వాయిదానే పెంచింది. 2023 వేసవిలో ఒక నెల కట్టలేదు. తర్వాతి నెలా కట్టలేదు.

అప్పటి నుంచి కొత్త నంబరు నుంచి ఫోన్ వస్తే చేతులు చల్లబడేవి. కాలింగ్ బెల్ మోగితే లోపలి గదిలోకి వెళ్లేదాన్ని. వాయిదా గడువు దాటి 90 రోజులైతే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, అవుతుంది. ఆ తర్వాత సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసిచ్చి, అప్పటికీ తీర్చకపోతే ఇల్లు స్వాధీనం చేసుకోవచ్చు. ఇదంతా నేను రాత్రిళ్లు ఫోనులో చదివి తెలుసుకున్నాను. చదివినకొద్దీ బ్యాంకుకు వెళ్లడానికి కాళ్లు రాలేదు.

తీసుకెళ్లింది మా తమ్ముడు. శ్రీకాకుళం నుంచి పొద్దుటి బస్సుకు వచ్చి, "పద అక్కా, కాగితాలన్నీ తీసుకో" అన్నాడు. బాకీపడిన రెండు వాయిదాలూ తనే కట్టాడు. పొలం పెట్టుబడికి దాచుకున్న డబ్బు అది. బ్రాంచిలో లోన్లు చూసే ఒక ఆఫీసరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి లెక్క మొత్తం వేసి చూపించింది. సంపాదించే పిల్లలు కలిసి సంతకం పెడితే గడువు పెంచవచ్చని ఆమె చెప్పింది. ఉద్యోగంలో చేరి ఏడాదైనా కాని మా అమ్మాయి సంతకం పెట్టింది. దాని పెళ్లికి మేం దాచాల్సింది పోయి, మా అప్పుకు అది పూచీ పడింది. ఆ సంతకం చేస్తుంటే నేను కిటికీలోంచి బయటికి చూశాను.

అమ్మాయి జీతం లెక్కలోకి వచ్చాక కొత్త వాయిదా తగ్గింది. అప్పుతో కొన్న ఫ్లాటును మామూలు నెలసరి అద్దెకిచ్చాం. రోజువారీ లెక్కలో అది తక్కువే, కానీ ప్రతినెలా వస్తుంది.

రెండోదానికి దారి చూపించింది మా ఇళ్లు శుభ్రం చేసే ఆవిడ. అతిథులు లేని నెలల్లో జీతం అడగకుండా వచ్చిన మనిషి ఆమె. ఆరిలోవ హెల్త్ సిటీలో ఆపరేషనుకు వచ్చిన కొరాపుట్ కుటుంబం ఒకటి వంట చేసుకునే చోటు కోసం తిరుగుతోందని, ఆమె స్వయంగా వెంటబెట్టుకుని వచ్చింది. వాళ్లు మూడు వారాలు ఉన్నారు. రోగికి గంజి కాచుకోవాలి, మందులకు ఫ్రిజ్ కావాలి, మెట్లు ఎక్కకూడదు. వాళ్లకు సముద్రంతో పని లేదు. అప్పటి నుంచి ఎక్కువగా అలాంటివాళ్లే వస్తున్నారు, ఒకరు చెబితే ఇంకొకరు. అద్దె తక్కువ తీసుకుంటాం. కింద ఫ్లాటు మాస్టారు అసోసియేషన్‌లో మా తరఫున మాట్లాడి ఒప్పించారు.

అప్పు ఇంకా ఉంది. గాజులు విడిపించాను, హారం ఇంకా బ్యాంకులోనే ఉంది. తమ్ముడి డబ్బులో సగం ఇచ్చాం.

ఇలాంటి అద్దెల మీద ఆశతో అప్పు చేసినవాళ్లు ఇది చదువుతుంటే ఒక మాట. ఈ నెల వాయిదా కట్టలేమని తెలిసిన రోజే బ్యాంకుకు వెళ్లండి. 90 రోజుల లోపల వాళ్లు చేయగలిగిన సాయం ఆ తర్వాత చేయలేరు. ఒంటరిగా వెళ్లలేకపోతే ఇంట్లోవాళ్లకు చెప్పి ఒకరిని తోడు తీసుకెళ్లండి.