కత్తెర జాకీ

నాన్నగారి పాత బుల్లెట్టు బరువు 150 కిలోల పైమాటే. సెంటరు స్టాండు వేస్తే వెనుక చక్రం లేస్తుంది. ముందు చక్రం విప్పాలంటే మాత్రం జాకీ తప్పనిసరి.

హైడ్రాలిక్ జాకీ నూనె ఒత్తిడితో సునాయాసంగా ఎత్తుతుంది. కానీ దానికి వేరే గడియ లేకపోతే, సీలు అరిగిన నాడు బండి మెల్లగా దిగిపోతుంది. కత్తెర జాకీని మర తిప్పి ఎత్తాలి. శ్రమ ఎక్కువే, అయితే మరచుట్ల మధ్య రాపిడే బరువును జారనివ్వదు.

పదేళ్ళ మా అమ్మాయి పానాలు అందిస్తూ చక్రం పక్కనే కూర్చుంటుంది. అందుకే రెండవదానినే ఎంచుకున్నాను. బండి బరువుకు రెట్టింపు మోయగలది, దించినప్పుడు ఇంజను కిందికి దూరేది చూసి కొన్నాను. ఇంజనుకూ జాకీకీ నడుమ చెక్కముక్క పెట్టి, బండి పక్కకు ఒరగకుండా తాళ్ళతో కడతాను.

ఎత్తే సులువు కన్నా నిలిపే గుణమే నాకు ముఖ్యం. మీరేమంటారు?