తినే నోటు

పుట్టినరోజులకు బేకరీలో నోట్ల కట్ట కేకు చేయించుకునేవాళ్లున్నారు. ఐదు వందల నోటు బొమ్మను తినదగిన సిరాతో ఐసింగ్ షీటు మీద అచ్చువేసి, కేకు మీద పరుస్తారు. ఫ్రిజ్‌లోంచి తీశాక చెమ్మ పట్టిందంటే సన్నగీతలన్నీ అలుక్కుపోతాయి. ముచ్చటైన పనే, కాదనను. కానీ అది కేకుకు అంటించిన నోటు ఫొటో. రంగూ రూపూ ఆ పదార్థంలోంచే రావాలని నా పట్టుదల.

నోటును కన్ను ముందు రంగుతో గుర్తుపడుతుంది, తర్వాత కొలతతో. కొత్త పది రూపాయల నోటు రంగును రిజర్వు బ్యాంకే చాక్లెట్ బ్రౌన్ అంది! 63 మిల్లీమీటర్ల వెడల్పు, 123 పొడవు. ఆ కొలతకు పల్చగా చాక్లెట్ పోస్తే వేరే రంగుతో పనిలేదు. వెనకవైపు కోణార్క చక్రాన్ని అచ్చులోనే తొలిపిస్తే, ఆకులూ ఇరుసూ ఉబ్బెత్తుగా వేలికి తగులుతాయి.

రెండు వందల పసుపుపచ్చ నోటుకు మామిడి తాండ్రను మించింది లేదు. పొరమీద పొర వేసుకుంటూ పోతే ముదురు రంగు తిరుగుతుంది కాబట్టి, ఒకటి రెండు పూతలతో ఆపాలి. చాప మీంచి ఒలిచి కత్తిరిస్తే చేతిలో నోటులాగే వంగుతుంది, మడత పడుతుంది. ఐదు వందల నోటుదే చిక్కు. రాతి బూడిదరంగు తిండిని ఎవరు ముట్టుకుంటారు? నల్ల నువ్వుల పొడి కలిపిన కోవా బిళ్ల అయితే ఆ రంగుకు ఒక రుచి దొరుకుతుంది.

గాంధీ బొమ్మ మాత్రం వద్దు. ఆ ముఖం మీద కత్తి దించడం నాకు సమ్మతం కాదు. పైగా నోటని భ్రమపడేంతగా పోలిన పత్రాన్ని ఏ ఉద్దేశంతో తయారుచేసినా భారతీయ న్యాయ సంహిత 182వ సెక్షన్ కింద 300 రూపాయల దాకా జరిమానా ఉంది. వరుస నంబరు, సంతకం కూడా అక్కర్లేదు.

ఇక నోటు పల్చదనం కావాలంటే ఆత్రేయపురం వెళ్లాలి. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన పూతరేకు అక్కడిది. పల్చటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను కాగిన కుండ వీపు మీద ఒక్క లాగు లాగుతారు. క్షణంలో రేకు లేస్తుంది. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే అవతలి మనిషి కనిపిస్తాడు. దానిమీద అచ్చు వేయబోతే తడికి ముడుచుకుపోతుంది. అందుకే రేకును తెల్లగానే ఉంచి, నెయ్యీ బెల్లం పొడీ వేసి నోటు కొలతకు మడిస్తే చాలు.

అసలు నోటు వెనక పదిహేను భాషల వరుసలో తెలుగు చీమ తలకాయంత ఉంటుంది. నా చాక్లెట్ పలక మీద ‘పది రూపాయలు’ అని గుండ్రంగా, అంకెకంటే పెద్దగా పోయిస్తాను.