కిటికీ అద్దం వెనుక ఎండ

గుంటూరులో వైద్యవిద్య ముగించుకొని 1972లో నేను ఇంగ్లండు వెళ్ళాను. రెండేళ్ళు ఆసుపత్రులలో పనిచేసిన పిమ్మట డార్బీషైర్ కొండల నడుమ ఒక చిన్న గ్రామంలో కుటుంబవైద్యునిగా చేరాను. మా అమ్మాయి 1975 నవంబరులో అక్కడే పుట్టింది.

అందమైన ఊరు. పొలాల చుట్టూ సున్నం లేకుండా పేర్చిన రాతిగోడలు, వాటి వెనుక గొర్రెలు, ఒక చర్చి, ఒక బడి, ఒక తపాలా కార్యాలయం. వేకువనే పాలవాడు గడపవద్ద సీసాలు పెట్టి వెళ్ళేవాడు. మేము తలుపు తీసేలోగా చిన్న పిట్టలు రేకుమూతలను పొడిచి మీగడ తాగిపోయేవి. ఆ పిట్టలను చూడటానికే మా అమ్మాయి పెందలాడే లేచేది.

శీతకాలం మాత్రం దీర్ఘం. డిసెంబరులో ఉదయం ఎనిమిది దాటితే గాని తెల్లవారదు. సాయంత్రం నాలుగు కాకముందే చీకటి. మా అత్తగారు ప్రతి ఉత్తరంలోనూ ఒకే ప్రశ్న అడిగేవారు: “పిల్లకు నూనె రాసి ఎండలో పడుకోబెడుతున్నారా?” నేను నవ్వుకొనేవాడిని. చలికి బయటకు తీసుకువెళ్ళలేక, కిటికీ దగ్గర ఎండపొడలో పడుకోబెడుతున్నామని నా శ్రీమతి బదులు రాసేది.

మూడేళ్ళు నిండిన ఆ శీతకాలంలో అమ్మాయి మెట్లు ఎక్కడానికి మారాం చేయసాగింది. “ఏమండీ, కాళ్ళు నొప్పులంటోంది, ఒకసారి చూడండి” అని నా శ్రీమతి రెండు మూడు సార్లు అన్నది. ఎదిగే పిల్లలకు నొప్పులు సహజమేనని చెప్పి రోగులను చూడటానికి వెళ్ళిపోయాను. ఆమె తన నడుము నొప్పి సంగతి చెప్పినప్పుడు మాత్రలిచ్చి ఊరుకున్నాను.

ఒకనాడు ఇళ్ళకు వెళ్ళి పిల్లల ఆరోగ్యం విచారించే హెల్త్ విజిటర్ మా ఇంటికి వచ్చింది. వంటగదిలో అటూ ఇటూ నడుస్తున్న అమ్మాయిని కొంతసేపు గమనించి, “డాక్టర్, పాప నడక చూశారా?” అని మృదువుగా అడిగింది. అప్పుడు చూశాను. మోకాళ్ళ నడుమ ఎడం. బాతు వలె ఊగే నడక. మణికట్టు వద్ద ఎముక ఉబ్బి ఉంది. ఎక్స్‌రే రికెట్స్‌ను నిర్ధారించింది. రక్తపరీక్షలో తల్లికి కూడా విటమిన్ డి లోపం బయటపడింది. ఆ నడుము నొప్పి ఎముకలు మెత్తబడటం వలన వచ్చినదే.

పరీక్షలలో రాసి మార్కులు తెచ్చుకొన్న వ్యాధి నా ఇంట మూడేళ్ళు పెరిగింది. కారణాలన్నీ నాకు తెలిసినవే. విటమిన్ డి తయారీకి అవసరమైన అతినీలలోహిత కిరణాలు కిటికీ అద్దాన్ని దాటి రావు. అక్టోబరు నుంచి మార్చి తొలిరోజుల వరకు ఇంగ్లండు ఎండలో ఆ కిరణాలు చాలినంత ఉండవు. చామనఛాయ చర్మానికి ఎండ ఇంకా ఎక్కువ కావాలి. 1940 నుంచి అక్కడ మార్గరిన్‌లో విటమిన్ డి కలిపేవారు; మా ఇంట నెయ్యి తప్ప మార్గరిన్ లేదు. చేపలు, గుడ్లు ముట్టము. లోపమున్న తల్లి పాలలో బిడ్డకు ఆ విటమిన్ దాదాపు అందదు. ఐరోపాలో రికెట్స్‌ను ఒకప్పుడు ‘ఇంగ్లీషు వ్యాధి’ అనేవారని తెలిసి కూడా నేను దానిని మా గడప బయటే ఊహించుకున్నాను.

ఇద్దరికీ చికిత్స మొదలుపెట్టాము. కొన్ని వారాలలో నొప్పులు తగ్గాయి. కాళ్ళు తిన్నబడటానికి మాత్రం రెండేళ్ళు పట్టింది. ఆ ప్రాంతంలో వేసవిలో ఊటబావులను అలంకరించే ఆచారం ఉంది. తడిమట్టి పలకలపై పూలరేకులు అద్ది బొమ్మలు తీర్చుతారు. 1981లో మా అమ్మాయి బడి పిల్లలతో కలిసి రేకులు ఏరుతూ గట్టు మీదికి పరుగెత్తింది. నా శ్రీమతి కన్నీళ్ళు తుడుచుకొన్నది. నన్ను ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఈ కథ చలిదేశాలకే చెందినది కాదు. ఎండ పుష్కలంగా ఉన్న మన నగరాలలోనూ అపార్టుమెంట్లలో, అద్దాల వెనుక పెరిగే పిల్లలలో ఈ లోపం తరచుగా కనిపిస్తున్నది. పుట్టిన శిశువుకు మొదటి ఏడాది రోజుకు 400 యూనిట్ల విటమిన్ డి చుక్కలు ఇవ్వాలని మన శిశువైద్యులు సూచిస్తారు. గర్భిణులు, బాలింతలు తమ వైద్యుని అడిగి తెలుసుకోవాలి. అధిక మోతాదులు సొంతంగా వాడరాదు. రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. నడక ఆలస్యమైనా, కాళ్ళు వంగినా, మెట్లెక్కడానికి బిడ్డ ఏడ్చినా మారామని కొట్టివేయకండి.

ఇంట్లోని తల్లి “ఒకసారి చూడండి” అన్నప్పుడు, చూడండి.