దండెం ఎవరిది?

ఆస్ట్రేలియాలో కాస్త పాత ఇల్లు ఏదైనా అద్దెకి తీసుకోండి, పెరట్లో ఒక ఇనప గొడుగు కనిపించే అవకాశం ఎక్కువ. గుడ్డ లేని గొడుగన్నమాట. మధ్యలో స్తంభం, పైన నాలుగు చేతులు, వాటి చుట్టూ వరసలు వరసలుగా తీగలు. అడిలైడ్‌లో మేముంటున్న ఇంట్లోనూ ఉంది. ఇక్కడివాళ్ళు దీన్ని హిల్స్ హాయిస్ట్ అంటారు. మన భాషలో తిరిగే దండెం. మా అమ్మ ఇండియా నుంచి వచ్చిన మర్నాడే దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేదో బావుందిరా, మనం తిరగక్కర్లేదు, అదే తిరుగుతోంది" అంది. ఒక్క ముక్కలో డిజైన్ రివ్యూ అయిపోయింది!

నిజంగా అందులో కిటుకు అదే. అంతకుముందు ఇక్కడా మనలాగే పెరడు ఈ చివర్నించి ఆ చివరికి ఒక తీగ, తడిబట్టల బరువుకి అది నేలకి జారకుండా మధ్యలో ఒక పంగల కర్ర. ఆ కర్రలు వీధుల్లో తిరిగి అమ్ముకునేవాళ్ళు కూడా ఉండేవారు. తిరిగే దండేనికి ఈ తిప్పలు లేవు. చేతికందేలా కిందకి దించి, ఒక్కచోటే నిలబడి బట్టలన్నీ ఆరేసి, హ్యాండిల్ తిప్పి పైకి లేపేస్తే సరి. మిగతా పని గాలి చూసుకుంటుంది. ఆ పైకి లేపేది క్రౌన్ వీల్, పినియన్ అనే పళ్ళచక్రాల జత. కారు వెనక యాక్సిల్లో ఉండేదీ ఆ జాతిదే, మెకానికల్ మిత్రులకి గుర్తుండే ఉంటుంది.

ఇక్కడ ఎవర్నడిగినా చెప్పే కథ ఇది. 1945లో లాన్స్ హిల్ అనే ఆయన, అడిలైడ్‌లోని గ్లెనుంగాలో, తన భార్య బట్టలు ఆరేసుకోడానికి పడుతున్న అవస్థ చూసి పెరట్లో గొట్టాలు అతికించి ఒకటి తయారుచేశాడు. చుట్టుపక్కలవాళ్ళు మాకూ కావాలన్నారు. 1946లో బావమరిది హెరాల్డ్ లింగ్ యుద్ధం నుంచి తిరిగొచ్చి భాగస్వామి అయ్యాడు. వ్యాపారాన్ని పెంచింది ముఖ్యంగా ఈయనే. 1994 నాటికి 50 లక్షల దండేలు అమ్ముడయ్యాయని లెక్క. అప్పటికి దేశ జనాభా కోటీ 80 లక్షల లోపే! 1974లో ట్రేసీ తుఫాను డార్విన్ నగరాన్ని నేలమట్టం చేసినప్పుడు, మా ఇంట్లో మిగిలింది ఈ దండెం ఒక్కటేనని ఒక కుటుంబం చెప్పుకుంది.

ఇంతవరకూ బానే ఉంది. తిరకాసు ఇక్కడే మొదలు.

గీలాంగ్ ఊరికి చెందిన గిల్బర్ట్ టోయిన్ అనే ఆయన 1911 నుంచి 1946 దాకా ఇలాంటి దండేలకి నాలుగు పేటెంట్లు తీసుకున్నాడు. పూర్తిగా లోహంతో చేసి, ఆ పళ్ళచక్రాల్ని డబ్బాలో మూసి బిగించిన డిజైను 1925 నాటిది. 1947లో హిల్స్ వాళ్ళు పైకీ కిందకీ తిప్పే మోడల్ మొదలుపెట్టింది సరిగ్గా ఆ ఏర్పాటుతోనే. అప్పటికి ఆ పేటెంట్ గడువు తీరిపోయింది. ఇంకా వెనక్కెళ్తే, 1895లోనే ఇదే అడిలైడ్‌లో సన్ ఫౌండ్రీకి చెందిన ఇద్దరు తిరిగే దండేనికి పేటెంట్ దరఖాస్తు పెట్టారు.

ఇది చదివినప్పుడు నాకు ఎక్కడో మండింది. కారణం ఉంది. నేను ఇదివరకు పనిచేసిన కంపెనీలో (పేరెందుకు లెండి) నేనూ ఇంకో కుర్రాడూ ఆర్నెల్లు రాత్రుళ్ళు కూర్చుని లాగ్ ఫైళ్ళు వెతికే టూల్ ఒకటి రాశాం. రెండేళ్ళ తర్వాత వేరే టీమ్ దానికి మంచి స్క్రీన్లు తగిలించి, ఇన్‌స్టాలర్ చేసి, ప్రాజెక్టు ప్రాజెక్టుకీ తిరిగి అంటగట్టింది. అవార్డు వాళ్ళకొచ్చింది. లోపల మా వేరియబుల్ పేర్లు కూడా మార్చలేదు!

అయితే కోపం పక్కన పెట్టి చూస్తే, హిల్, లింగ్ చేసింది దొంగతనం కాదు. పేటెంట్ పద్ధతే అది. నీ కిటుకు బయటపెట్టు, కొన్నేళ్ళు నీకే హక్కిస్తాం, తర్వాత అందరిదీ. పైగా తయారుచేయడం వేరు, ఇంటింటికీ చేర్చడం వేరు. టోయిన్‌కి దొరికిన కాలం మొదటి ప్రపంచ యుద్ధం, 1930ల మాంద్యం. హిల్‌కి దొరికింది సైనికులు తిరిగొచ్చి, శివార్లలో పెరడున్న కొత్త ఇళ్ళు లేచి, ప్రతి ఇంట్లో చంటిపిల్లలూ బుట్టెడు తడిగుడ్డలూ ఉన్న కాలం. ఆ అవకాశాన్ని పట్టుకోవడం కూడా పనితనమే. మా టూల్ కూడా మా చేతుల్లోనే ఉండి ఉంటే ఇద్దరి మెషీన్లు దాటి పోయేది కాదేమో, అదీ ఒప్పుకుంటాను.

కానీ హక్కు వేరు, పేరు వేరు. పేటెంటుకి గడువుంటుంది సరే, పేరుకి గడువెందుకు? ఈ తేడా మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. ఎంఐటీ లైసెన్స్ ఏమంటుంది? వాడుకో, మార్చుకో, అమ్ముకో, పైన రాసిన ఆ కాపీరైట్ లైన్లు మాత్రం తీసెయ్యకు. అంతే కదా! డబ్బడగడం లేదు, వాటా అడగడం లేదు. ముందెవరున్నారో రాసి ఉంచమంటోంది, అంతే. "లాన్స్ హిల్ కనిపెట్టాడు" అనే వాక్యంలో చెరిపేసింది సరిగ్గా ఆ లైనే. 2017లో హిల్స్ దండేల తయారీ, అమ్మకం హక్కులు ఏమ్స్ ఆస్ట్రలేసియా అనే కంపెనీకి వెళ్ళిపోయాయి. హిల్ పేరు మాత్రం అలాగే ఉంది. టోయిన్ పేరు ఎంతమంది విన్నారు?

అందుకే ఇప్పుడు మా టీమ్ నుంచి ఏది రిలీజైనా, రీడ్‌మీలో "దీని మొదటి వెర్షన్ ఫలానావాళ్ళు రాశారు" అని ఒక లైను పెట్టిస్తున్నాను. వాళ్ళు ఉద్యోగం మానేసి వెళ్ళిపోయినా సరే. ఒకరిద్దరు నవ్వారు, చాదస్తం అన్నారు. ఒక్క లైను ఖర్చుకి ఆ మాత్రం పడొచ్చు.

మీరు రోజూ కంపైల్ చేసే ఆ పాత మాడ్యూల్ మొదట ఎవరు రాశారో, మీలో ఎంతమందికి తెలుసు?