నాన్న ముట్టని కూర

2024 వేసవిలో బోస్టన్‌లో మా అబ్బాయి దగ్గరికి వెళ్లాను. పదిహేనేళ్ల మనవడు స్ట్రైప్డ్ బాస్ అనే చారల సముద్రపు చేపను పట్టాలని డబ్బా తెరిచాడు. చూస్తే వానపాములు లేవు, పిండి లేదు. గాలాలకు దారంతో కట్టిన ఈకలూ వెంట్రుకలూ!

''వీటిని ఫ్లైలంటారు తాతయ్యా. నీళ్లలో ఇప్పుడు ఏ చిన్నచేపలు తిరుగుతున్నాయో చూసి, ఆ పొడవూ ఆ రంగూ ఉన్నది ఎంచుకోవాలి'' అన్నాడు.

ఎ.కొండూరు దగ్గరి చెరువుగట్టు గుర్తొచ్చింది. ''నీకు నచ్చింది కాదురా, చేపకు నచ్చింది గుచ్చు'' అనేవాడు నాన్న. జెల్లకు వానపాము, శీలావతికి తవుడు ముద్ద, కొర్రమీనుకు చిన్న కప్ప.

ఒక్కచోట మాత్రం ఏ ఎరా వేయనిచ్చేవాడు కాదు. వానాకాలంలో నీటిమీద ఎర్రగా, గుంపుగా కదిలేవి కొర్రమీను పిల్లలు. కిందే తల్లో తండ్రో కాపలా. అప్పుడది కప్ప మీదికి దూకేది ఆకలితో కాదు, పిల్లల కోసం. పదేళ్లప్పుడు నాన్నకు తెలియకుండా అక్కడే గాలం వేశాను. పెద్ద చేపే పడింది. ఆ రాత్రి నాన్న కూర ముట్టలేదు, ఒక్క మాటా అనలేదు. మర్నాడు వెళ్లి చూస్తే పిల్లల గుంపు లేదు.

మనవడికి సాయంత్రం పెద్ద చేప పడింది. కొలిచి, ''31 అంగుళాలు దాటింది. 28 నుంచి 31 లోపుదైతేనే ఉంచుకోవాలి. పెద్దవి ఎక్కువ గుడ్లు పెడతాయి కదా'' అంటూ నీళ్లలో వదిలేశాడు.

ఇంటికొచ్చాక వాడికి ఆ కొర్రమీను సంగతి చెప్పాను. అంతకుముందు ఎవరికీ చెప్పలేదు.