ఎవరి కొలబద్ద వారిది

మానవుడు సంఘజీవి. పదిమంది మధ్య జీవించేవాడు కనుక పదిమందితో తన్ను పోల్చి చూసుకోవడం అతనికి పుట్టుకతో వచ్చిన అలవాటు. పసిబిడ్డ పక్క బిడ్డ చేతిలోని బొమ్మను చూసి తన బొమ్మను విసిరివేస్తుంది. వయసు పెరిగేకొద్దీ బొమ్మలు మారుతాయి గాని చూపు మారదు. మార్కులు, ఉద్యోగం, జీతం, ఇల్లు, వాహనం, చివరకు కన్నబిడ్డల చదువులు సైతం పోలికకు సాధనాలవుతాయి. ‘పొరుగింటి పుల్లకూర రుచి’ అని తెలుగువారు ఈ స్వభావాన్ని ఏనాడో ఒక్క సామెతలో ఇమిడ్చారు. ఆ కూరలో ఉప్పు ఎక్కువైనదీ తక్కువైనదీ తిన్నవారికే తెలుస్తుంది. గోడకు ఇవతల నిలిచినవారికి అందేది తాలింపు వాసన మాత్రమే.

అమెరికాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త లియాన్ ఫెస్టింగర్ 1954లో ఈ స్వభావాన్ని ఒక సిద్ధాంతంగా ప్రతిపాదించారు. తన శక్తిసామర్థ్యాలను కొలుచుకోవడానికి స్పష్టమైన ప్రమాణం దొరకనప్పుడు మనిషి తోటివారినే ప్రమాణంగా తీసుకుంటాడని, అందులోనూ తనకు దగ్గరి స్థితిలో ఉన్నవారినే ఎంచుకుంటాడని ఆ సిద్ధాంత సారాంశం. అనుభవంలోనూ ఇది సత్యమే. పల్లెలోని రైతు ఎక్కడో నగరంలోని కోటీశ్వరుణ్ణి తలచుకొని బాధపడడు. గట్టు పక్క రైతుకు ఎకరాకు రెండు బస్తాలు అధికంగా పండితే మాత్రం ఆ రాత్రి అతనికి కంటిమీద కునుకు రాదు. పూర్వం ఈ ‘పక్కవారు’ ఒక వీధికో, ఒక ఊరికో పరిమితమై ఉండేవారు. నేడు అరచేతిలోని ఫోను ప్రపంచాన్నంతటినీ పక్కింటిగా మార్చివేసింది. ఎదుటివారి విజయాలు, విహారాలు, వేడుకలు అందులో కనిపిస్తాయి. వారి అప్పులు, అలసట, నిద్రలేని రాత్రులు కనిపించవు. తన జీవితంలోని లోపలి గదిని ఇతరుల జీవితంలోని ముందు వాకిలితో పోల్చుకున్నవారికి మిగిలేది న్యూనతాభావమే.

పోలిక ఎంతటి అనర్థానికి దారితీస్తుందో మహాభారతం కన్న మిన్నగా చెప్పిన గ్రంథం లేదు. ధర్మరాజు రాజసూయ యాగం చేసేనాటికి దుర్యోధనునికి కొరతపడినది ఏదీ లేదు. హస్తినాపుర రాజ్యం, నూర్గురు సోదరుల బలం, కర్ణుని వంటి మిత్రుడు అతనికి ఉన్నారు. ఇంద్రప్రస్థానికి వెళ్లి మయసభను చూసేవరకు అతని ఐశ్వర్యం అతనికి చాలినంతగానే తోచింది. చూసి వచ్చిన మరుక్షణం నుండి ఆ ఐశ్వర్యమే వెలవెలపోయింది. ఖజానాలో ఒక్క మాడ కూడా తగ్గలేదు, తగ్గినది అతని తృప్తి. ఆ అసూయే జూదానికి, ఆ జూదమే వనవాసానికి, ఆపైన కురుక్షేత్ర సంగ్రామానికి హేతువైనది. నన్నయ తెనిగించిన సభాపర్వంలో ఈ కథను చదివిన తెలుగు పాఠకునికి ఒక సత్యం బోధపడుతుంది. లేమి కలిగించే దుఃఖానికి కొంత హద్దు ఉంటుంది. పోలిక కలిగించే దుఃఖానికి హద్దు లేదు.

ఈ సత్యానికి ఆధునిక కాలంలో ఒక చక్కని నిదర్శనం లభించింది. 1992 బార్సిలోనా ఒలింపిక్ క్రీడలలో పతకాలు గెలిచినవారి ముఖకవళికలను దృశ్యచిత్రాల ద్వారా పరిశీలించి, ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1995లో ఒక పరిశోధన ప్రకటించారు. రెండవ స్థానంలో నిలిచి రజతం పొందినవారి కంటె మూడవ స్థానంలో నిలిచి కాంస్యం పొందినవారే ఎక్కువ సంతోషంగా కనిపించారని అందులో తేలింది. రజత విజేత తనకు త్రుటిలో తప్పిపోయిన స్వర్ణాన్ని తలచుకుంటాడు. కాంస్య విజేత పతకమే లేకుండా తిరిగి వెళ్లవలసిన స్థితి త్రుటిలో తప్పిందని తలచుకుంటాడు. స్థానాన్ని బట్టి చూస్తే మొదటివాడే అధికుడు. సంతోషం మాత్రం ఎవరు ఎటువైపు చూశారన్న దానిపై ఆధారపడింది.

విద్యార్థి లోకానికి ఈ విషయం మరింత దగ్గరిది. కళాశాల జీవితంలో మార్కు, ర్యాంకు అనే రెండు మాటలు నిత్యం వినిపిస్తాయి. రెండూ ఒకటే అనిపించినా వాటి స్వభావం వేరు. మార్కు, విద్యార్థి రాసిన జవాబును బట్టి వచ్చేది. ర్యాంకు, ఇతరులు రాసిన జవాబులను కూడా బట్టి వచ్చేది. జె.ఇ.ఇ. మెయిన్ పరీక్షలో 2019 నుండి వాడుకలోకి వచ్చిన పర్సంటైల్ కూడా ఇటువంటిదే. 95 పర్సంటైల్ అంటే నూటికి 95 మార్కులు వచ్చాయని అర్థం కాదు. పరీక్ష రాసిన ప్రతి వందమందిలో 95 మందికి అంతే, లేదా అంతకన్న తక్కువ వచ్చిందని అర్థం. కళాశాలలలో సీట్లు కొన్ని, కోరేవారు అనేకులు. ఎవరికి ముందు సీటు ఇవ్వాలో నిర్ణయించడానికి వరుస క్రమం ఒకటి అవసరం. ఆ అవసరం కోసం పుట్టినదే ర్యాంకు. సీట్ల కేటాయింపు ముగిసిన నాడే దాని పని ముగుస్తుంది. బస్సు టిక్కెట్టు కొనడానికి నిలుచున్న వరుసలో తన స్థానాన్ని జీవితాంతం నుదుట రాసుకొని తిరిగేవాడు ఉండడు. ర్యాంకు విషయంలో మాత్రం ఎందరో ఆ పనే చేస్తున్నారు.

దీని ఫలితం ఒక్కొక్కసారి ఘోరంగా పరిణమిస్తోంది. ‘ఎదురింటి పిల్లవాణ్ణి చూసి నేర్చుకో’ అన్న మాట ఎన్ని ఇళ్లలో ఎందరు బిడ్డల మనసులను గాయపరచిందో లెక్కకు అందదు. తల్లిదండ్రులు ఆ మాటను ప్రోత్సాహమనుకుంటారు. వినే బిడ్డకు అది తిరస్కారంగా తోస్తుంది. పరీక్షా ఫలితాలు వెలువడిన వేళ నిండు ప్రాణాలు రాలిపోయిన వార్తలు తెలుగునాట ఎందరో తల్లుల కడుపుకోతకు సాక్ష్యాలు. ఒక పరీక్ష తప్పితే మరల రాయడానికి సప్లిమెంటరీ పరీక్ష ఉంది. ప్రాణానికి సప్లిమెంటరీ లేదు. మనసు చీకటైనప్పుడు ఒక స్నేహితునితోనో, ఒక అధ్యాపకునితోనో, ఇంటిలోని పెద్దలతోనో నోరు తెరిచి చెప్పుకోవడం పిరికితనం కాదు. అటువంటి వారికి తోడుగా 2022లో ప్రారంభమైన టెలిమానస్ సేవ 14416 నంబరులో రాత్రింబవళ్లు అందుబాటులో ఉంది.

ఇతరులు గీసిన గీతతో తన్ను కొలుచుకొని ఉంటే లోకం ఎంత కోల్పోయేదో చెప్పడానికి యల్లాప్రగడ సుబ్బారావు జీవితం ఒక ఉదాహరణ. ఆయన 1895లో భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్ పరీక్షలో మూడవ ప్రయత్నంలో గాని ఉత్తీర్ణులు కాలేదు. మద్రాసు వైద్య కళాశాలలో తోటివారు ఎం.బి.బి.ఎస్. పట్టా పొందగా ఆయనకు దానికన్న తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే దక్కింది. అమెరికాకు వెళ్లి, పూట గడవడం కోసం ఆసుపత్రిలో చిన్న పనులు చేస్తూ చదువుకున్నారు. హార్వర్డ్‌లో ఏళ్ల తరబడి పరిశోధనలు సాగించినా అక్కడ స్థిరమైన పదవి లభించలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలకు మారారు. అక్కడ ఆయన నాయకత్వంలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసే విధానం, బోదవ్యాధికి వాడే హెట్రజాన్, క్యాన్సర్ చికిత్సలో నేటికీ ఉపయోగపడుతున్న మెథోట్రెక్సేట్ రూపుదిద్దుకున్నాయి. 1948లో, 53 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం ఆయన పేర తపాలా బిళ్లను విడుదల చేసింది.

ఈ ఉదాహరణను చదివి, ‘ఇప్పుడు మమ్మల్ని సుబ్బారావుతో పోల్చుతున్నారా?’ అని ఒక విద్యార్థి ప్రశ్నిస్తే ఆ ప్రశ్న సమంజసమే. పరీక్ష తప్పిన ప్రతివారూ మహాశాస్త్రవేత్తలు కారు, కానక్కరలేదు. పక్కింటి పిల్లవానితో పోల్చడం ఎంత తప్పో మహనీయునితో పోల్చడమూ అంతే తప్పు. ఆయన జీవితం నుండి గ్రహించవలసింది ఆయన చేరిన ఎత్తును గురించి కాదు, ఆయన పట్టుకున్న కొలబద్దను గురించి. ఆయన సోదరుణ్ణి స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధి బలిగొన్నది. ఆ వ్యాధికి మందు ఏది అన్న ప్రశ్న ఆయనను వదలలేదు. తరువాతి కాలంలో ఫోలిక్ ఆమ్లం ఆ వ్యాధి చికిత్సకే ఉపకరించింది. రోగాన్ని ఎదురుగా నిలుపుకున్నవానికి పక్కనున్నవాడు ఎంత ముందున్నాడో చూసే తీరిక ఉండదు.

తెలుగునాట హస్తకళాకారులకు ఈ వివేకం చిరకాలంగా తెలుసు. కొండపల్లి బొమ్మలకు తెల్లపొణికి కర్ర వాడతారు. అది తేలికైనది, మెత్తనిది, చెక్కడానికి అనువైనది. ఏటికొప్పాక లక్కబొమ్మలకు అంకుడు కర్ర కావాలి. అది తరిణె మీద నునుపుగా తిరుగుతుంది. ఈ రెండు కర్రలలో ఏది గొప్పదని ఏ పనివాడూ తగవులాడడు. చేతికి వచ్చిన కర్ర గుణమేమిటో తెలుసుకొని, దానికి తగిన రూపాన్ని అందులోంచి వెలికితీస్తాడు. మనుష్యుల విషయంలోనూ చేయవలసింది ఇదే. ఒకరికి గణితం, మరొకరికి గానం, ఇంకొకరికి యంత్రాల మరమ్మతు, వేరొకరికి పదిమందినీ కలుపుకొనిపోయే నేర్పు సహజంగా అబ్బుతాయి. తన గుణం ఎరుగక ఇతరులను అనుకరించడమంటే పులిని చూసి నక్క వాత పెట్టుకోవడమే.

అట్లని పోలికను పూర్తిగా విడిచిపెట్టడం సాధ్యమూ కాదు, అవసరమూ కాదు. బాగా చదివే మిత్రుడు లెక్కను ఏ పద్ధతిలో చేశాడో పరిశీలించడం విద్య. అతనికి వచ్చిన మార్కులను తలచుకొని కుమిలిపోవడం వ్యథ. మొదటిది అతని పనిని చూడడం, రెండవది అతని స్థానాన్ని చూడడం. పనిని చూసినవాడు ఏదో ఒకటి నేర్చుకుంటాడు. స్థానాన్ని చూసినవాడు ఉన్న శక్తిని కూడా పోగొట్టుకుంటాడు. గత నెలలో తాను చేసిన తప్పులను ఒక పుస్తకంలో రాసుకొని, ఈ నెలలో వాటిలో ఎన్ని తగ్గాయో చూసుకునే విద్యార్థికి ఇతరుల ర్యాంకులతో నిమిత్తం లేని ఒక ప్రమాణం ఏర్పడుతుంది. ఫెస్టింగర్ చెప్పినట్లు, సొంత ప్రమాణం ఉన్నచోట తోటివారిని ప్రమాణం చేసుకోవలసిన అగత్యం తగ్గుతుంది.

ఇక మనసులో పుట్టే అసూయను ఏమి చేయాలి? సుఖంగా ఉన్నవారి పట్ల మైత్రిని అలవరచుకోవాలని పతంజలి యోగసూత్రాలు ఉపదేశించాయి. మిత్రుని విజయానికి వెళ్లి మనసారా అభినందించి రావడం తొలుత కష్టంగా తోచవచ్చు. కొన్నాళ్లు అభ్యసిస్తే ఆ అభినందనే అభినందించినవానికి ఔషధమవుతుంది. పోటీదారుగా కనిపించినవాడు తోడుగా కనిపించడం మొదలవుతుంది.

ఈ అలవాటు ఒక్కనాటితో వచ్చేది కాదు. ఫలితాల పట్టిక ముందు నిలిచిన ప్రతిసారీ కన్ను ముందుగా పక్కవారి పేరునే వెదకుతుంది. వెదకినందుకు తన్ను నిందించుకోనక్కరలేదు. ఆ చూపును మెల్లగా మరల్చి తన పేరు దగ్గర నిలిపి, ‘నిన్నటికి నేటికి నేను నేర్చినదేమి? రేపు నేర్వవలసినదేమి?’ అని అడుగుకుంటే చాలు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలవారు మరెవరూ లేరు. ఆ జవాబును ఏ వరుసలోనూ నిలబెట్టి ర్యాంకు ఇవ్వడం సాధ్యం కాదు.