హంసలదీవి ఇసుకలో మా జాడలు

ఉపాధ్యాయుడు విద్యార్థులకు పాఠం చెప్పడం లోకసహజం. విద్యార్థుల ఎదుటనే ఉపాధ్యాయుడు పాఠం నేర్చుకొనవలసి రావడం అరుదు. అట్టి అనుభవం నాకు కిందటి సంవత్సరం మార్చి నెలలో హంసలదీవిలో కలిగింది. దానిని దాచుకొనడం కంటె మన కళాశాల సంచికలో చెప్పుకొనడమే మేలని తోచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

బందరు నుండి చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ, కోడూరుల మీదుగా మా విహారయాత్ర సాగింది. విద్యార్థులు పన్నెండుమంది, పెద్దలం మా ఉర్దూ శాఖ మిత్రుడూ, నేనూ. రెండు జీపులను ఒక పూర్వ విద్యార్థి సమకూర్చాడు. దారిలో హంసలదీవి స్థలపురాణం చెప్పాను. జనుల పాపాలను కడిగి కడిగి నల్లబడిన గంగ కాకి రూపం దాల్చి, తీర్థాలన్నింటా మునుగుతూ వచ్చి, కృష్ణ కడలిలో కలిసే ఈ చోట స్నానమాడగానే హంసగా మారినదట. ఊరికి ఆ పేరు అందుచేతనే వచ్చిందంటారు. “ఎంత చక్కని కథ, భాయ్‌సాబ్!” అన్నాడు మిత్రుడు.

వేణుగోపాలస్వామి ఆలయం దాటి తీరం చేరేసరికి సాయంకాలమయింది. అక్కడినుండి సంగమం దాకా ఇసుకలో నడవాలి. “సార్, ఇవి నాలుగు చక్రాలూ లాగే బండ్లు. ఈ ఇసుక వీటికొక లెక్కా?” అన్నాడు పూర్వ విద్యార్థి. పిల్లల కళ్లన్నీ నావైపు తిరిగాయి. నేను వద్దనవలసిన క్షణమది. “జాగ్రత్తగా పోనీ” అన్నాను.

ఆ అరగంట ఉల్లాసాన్ని ఇప్పుడు కాదనను. జీపులు ఇసుక దిబ్బ నెక్కి దిగాయి. దాని మీద అల్లుకొన్న తీగలు చక్రాలకింద తెగిపోయాయి. పిల్లలు కేరింతలు కొట్టగా, నీటి అంచుకు కాస్త ఎగువన మా డ్రైవరు బండిని గిరగిరా తిప్పి ఇసుకలో పెద్ద సున్నా చుట్టాడు. అందరికంటె ముందు చప్పట్లు చరిచినవాడిని నేనే. తిరుగుదారిలో ఒక బండి కూరుకొనిపోయింది. దానిని బయటికి లాగడానికి గంట పట్టింది.

ఆ రాత్రి అవనిగడ్డలో గడిపి, సూర్యోదయం చూడాలని తెల్లవారుజామున మళ్లీ వచ్చాము. ముందునాటి అవస్థ తలచుకొని ఈసారి నడిచే వెళ్లాము. దూరంనుండే కాకుల గోల వినబడింది. దగ్గరకు వెళ్లి చూద్దుము కదా, నిన్న మేము చుట్టిన సున్నాలో, జానెడు లోతు గాడిలో, అరచేతిలో ఇమిడే నల్లని తాబేటిపిల్లలు! గోడలా నిలిచిన ఇసుక నెక్కలేక, గాడి వెంట పాకుతూ ఉన్నాయి. సముద్రం ఇరవై అడుగుల దూరంలో ఉంది. వాటిని కాకులు పొడుచుకొని తింటున్నాయి. పదకొండు చనిపోయి ఉన్నాయి. ఆరు మాత్రం కదులుతున్నాయి.

వల భుజాన వేసుకొని వచ్చిన ఒక పెద్దాయన కాకులను అదిలించాడు. బతికినవాటిని తడి ఇసుక మీద వదలమని, అవే నీటిలోకి పోతాయని చెప్పాడు. పిల్లలు అలాగే చేశారు. పిమ్మట ఆయన గాడివైపు చూసి, “ఈ బండ్లు మీవేనా మేష్టారూ?” అన్నాడు. అవునన్నాను. నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. తెగిన తీగలను చూపి, “ఈ దిబ్బ మాకు గోడండీ. డెబ్బై ఏడు ఉప్పెననాటికి నాకు పన్నెండేళ్లు. మా చెల్లి దొరకలేదు. గోడను తొక్కకండి బాబూ” అని మాత్రం అన్నాడు.

1977 నవంబరు 19నాటి ఉప్పెనలో అధికారిక లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది మరణించారు. దివిసీమలో దానిని మరచినవారు లేరు. ఇసుక దిబ్బలూ మడ అడవులూ అలల ఉరవడిని కొంతయినా తగ్గిస్తాయి. దిబ్బను పట్టి ఉంచేవి దాని మీది తీగల వేళ్లే. అవి తెగితే ఇసుకను గాలి ఎత్తుకొనిపోతుంది.

ఇంటికి వచ్చి పుస్తకాలు తిరగవేశాను. ఆలివ్ రిడ్లే తాబేలు రాత్రివేళ ఒడ్డుకు వచ్చి, మూరెడు లోతు గొయ్యి త్రవ్వి, సుమారు 100 గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. 45 మొదలు 60 రోజులలో పిల్లలు బయటపడి, వెలుగు కనబడే దిక్కుగా కడలికి పాకుతాయి. చక్రాల బరువుకు పై ఇసుక గట్టిపడితే కొన్ని అడుగుననే ఉండిపోతాయి. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ తాబేటిని మొదటి షెడ్యూలులో చేర్చింది. 2019నాటి తీరప్రాంత ప్రకటన ఇసుక దిబ్బలనూ, తాబేళ్లు గుడ్లు పెట్టే తీరాలనూ అత్యంత సున్నిత ప్రదేశాలలో లెక్కించింది. కృష్ణా తీరాన అటవీశాఖ వారు గుడ్లను ఏరి, కంచెలలో పొదిగించి, పిల్లలను సముద్రంలో విడుస్తున్నారు. ఒకరు ఏరి కాపాడుతూ ఉండగా మరొకరు తొక్కి చంపడం ఏమి న్యాయం? దక్షిణాఫ్రికాలో 2002 మొదలు సముద్రతీరాలపై విహారవాహనాలను నిషేధించగా, ఇసుకలో గుడ్లు పెట్టే నల్లని పక్షి జాతి ఒకటి తిరిగి వృద్ధి చెందినదట. మనిషి తప్పుకొని దారి ఇస్తే ప్రకృతి కోలుకొంటుంది.

తిరుగు ప్రయాణంలో జీపులో ఎవరూ మాట్లాడలేదు. చివరకు ఒక విద్యార్థిని, “సార్, నిన్న మీరు వద్దంటే మేము నడిచేవాళ్లమే కదా” అన్నది. నావద్ద సమాధానం లేదు. కాకి హంసగా మారిన తీర్థానికి వెళ్లి, నేను కాకులకు విందు చేసి వచ్చాను.

విద్యార్థులారా, హంసలదీవికి తప్పక వెళ్లండి. బండిని రోడ్డు మీదనే ఆపి నడవండి. కళాశాల కార్యవర్గం వారికి నాదొక విన్నపం: విహారయాత్రల నియమాలలో ‘ఇసుక మీదికి వాహనం దింపరాదు’ అన్న ఒక్క వాక్యం చేర్చండి. దాని మీద మొదటి సంతకం నేను చేస్తాను.